ఇంటి లెక్కలో తిథి, దళం లెక్కలో తేదీ: యుద్ధ పైలట్ల జాడ వెదికే ఉత్తరాంధ్ర కుటుంబాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలటరీలో చేసిన మనిషి లేని ఊరు అరుదు. వాళ్ళలో ఎక్కువమంది జవాన్లుగా, నేవీలో సెయిలర్లుగా, వైమానిక దళంలో టెక్నీషియన్లుగా వెళ్ళినవాళ్ళు. యుద్ధ విమానం నడిపినవాళ్ళు కొద్దిమందే. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఆయన పేరు తర్వాతి తరం పిల్లలకు పెట్టుకుంటారు. పెళ్ళిళ్ళలో, కార్యాల్లో చుట్టాలు కలిస్తే ఆయన ప్రస్తావన రాకుండా ఉండదు. కానీ ఏ మనవడో మనవరాలో కూర్చుని ‘తాతయ్య ఏ విమానం నడిపాడు, ఏ స్క్వాడ్రన్, ఆ రోజు అసలేం జరిగింది’ అని అడిగితే ఇంట్లో ఎవరి దగ్గరా సూటైన జవాబు దొరకదు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఇంటి దగ్గర ఉండేవి ఒక ఫొటో, ఒక తిథి, నాలుగైదు కథలు. రికార్డు ఆఫీసు అడిగేవి సర్వీసు నంబరు, తేదీ, యూనిట్ (వైమానిక దళంలో స్క్వాడ్రన్, అంటే ఒకచోట కలిసి పనిచేసే విమానాల జట్టు) పేరు. ఇటువైపు ఉన్నవి అటువైపు పనికిరావనుకుని చాలా కుటుంబాలు మొదట్లోనే వదిలేస్తాయి. నిజానికి ఇంట్లో మిగిలిన ప్రతి ముక్కా పనికొస్తుంది. దాన్ని ఎలా చదవాలో తెలియాలి, అంతే.

వెదుకులాట ఆఫీసుల దగ్గర మొదలుపెట్టడం వల్ల జరిగే నష్టం ఒకటుంది. 1971లో పాతికేళ్ళ వయసున్న పైలట్ భార్యకు, చెల్లెలికి ఇప్పుడు ఎనభై దగ్గరపడుతోంది. రెండో ప్రపంచ యుద్ధం నాటివాళ్ళయితే తోబుట్టువులు కూడా దాదాపు మిగల్లేదు, వాళ్ళ నోట విన్న మేనకోడళ్ళు, మేనల్లుళ్ళు ఉన్నారు. దరఖాస్తు వచ్చే ఏడాది పెట్టినా ఫైలు అక్కడే ఉంటుంది. మామ్మ జ్ఞాపకం వచ్చే ఏడాదికి ఇలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని ముందు ఫోను రికార్డింగ్ పెట్టి ఆవిడ పక్కన కూర్చోవాలి. ‘యుద్ధం గురించి చెప్పు’ అంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. సెలవుకు వస్తే ఏ స్టేషన్లో దిగేవాడు, విజయనగరమా, ఆమదాలవలసా, నౌపడా? ఎవరికి ఉత్తరాలు రాసేవాడు? కవరు మీద ఏ అడ్రసు ఉండేది? తంతి ఎవరి పేరున, ఏ పోస్టాఫీసుకు వచ్చింది? ఇలా అడిగితే కబుర్లు వాటంతటవే వస్తాయి. తంతి ఎవరి పేరున వచ్చిందన్నది చాలా ముఖ్యం. దళం రికార్డులో దగ్గరి బంధువుగా నమోదైన పేరు, అడ్రసు సాధారణంగా అవే. అది భార్య పేరా, తండ్రి పేరా, చదివించిన మేనమామ పేరా అన్నది తెలిస్తే తర్వాతి దరఖాస్తుల్లో సగం గందరగోళం పోతుంది. టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది. ఆ కాగితాన్ని చూసి గుర్తుపట్టగలిగిన తరం కూడా తగ్గిపోతోంది.

తిథి సంగతికి వద్దాం. మన ఇళ్ళలో చనిపోయిన మనిషికి ఏటా పెట్టేది తద్దినం. దానికి కావలసింది మాసం, పక్షం, తిథి. ఇంగ్లీషు తేదీ మరిచిపోయిన కుటుంబం కూడా తిథి మరిచిపోదు. ఏటా పురోహితుడు సంకల్పంలో చెబుతూనే ఉంటాడు కాబట్టి యాభై ఏళ్ళయినా అది చెరగదు. ఆ తిథిని ఆ సంవత్సరపు పంచాంగంలో పెట్టి చూస్తే తేదీ బయటపడుతుంది. 1971 డిసెంబరు యుద్ధాన్నే తీసుకుంటే, పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేసిన 3వ తేదీ సాయంత్రానికి ముందురోజే పౌర్ణమి వెళ్ళింది. పశ్చిమాన కాల్పుల విరమణ జరిగిన 17వ తేదీ అమావాస్య. అంటే యుద్ధమంతా విరోధికృత్ నామ సంవత్సరం మార్గశిర బహుళ పక్షంలోనే నడిచింది. 1965 సెప్టెంబరు యుద్ధం విశ్వావసు భాద్రపదంలో, వినాయక చవితి వెళ్ళాక మొదలై మహాలయ అమావాస్య లోపల ముగిసింది. ఇంట్లో మార్గశిర బహుళంలో తద్దినం పెడుతుంటే 1971 పోరుతో పొసగుతుంది. ‘71 యుద్ధంలో పోయాడు’ అంటూ పుష్య శుద్ధంలో పెడుతుంటే ముఖ్యంగా రెండు అవకాశాలు. యుద్ధం ముగిశాక జరిగిన ప్రమాదం కావచ్చు. లేదా చనిపోయిన రోజు తెలియక, తంతి అందిన రోజునే తిథిగా తీసుకుని ఉండవచ్చు. రెండోది చాలా ఇళ్ళలో జరిగే పనే. రికార్డులోని తేదీకి, ఇంటి తిథికి మధ్య కొద్దిరోజుల తేడా కనిపిస్తే ఎవరో తప్పు చెప్పారనుకోనక్కర్లేదు. ఆ తేడా, కబురు ఢిల్లీ నుంచి ఊరికి చేరడానికి పట్టిన కాలం కావచ్చు.

ఊరి పేరు దగ్గర చిక్కులు ఇంతకన్నా ఎక్కువ. టెక్కలిలో 1920లో పుట్టిన మనిషి గంజాం జిల్లావాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి కాబట్టి 1942లో దళంలో చేరేనాటికి ఆయన విశాఖ జిల్లావాడు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నాటి విభజనలో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళాయి. ఒకే ఇల్లు, ఒకే వీధి, మూడు నాలుగు జిల్లాలు. పైగా బ్రిటిష్ కాగితాల్లో శ్రీకాకుళం అనే పేరే కనబడదు, అక్కడ ఉండేది చికాకోల్. విశాఖపట్నం వైజాగపటామ్. ‘శ్రీకాకుళం జిల్లా’ అని వెదికి ఏమీ లేదని నిరాశపడ్డవాళ్ళు ఈ పాత పేర్లతో మళ్ళీ వెదికితే ఫలితం మారవచ్చు.

మనిషి పేరుదీ అదే బాధ. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది, మిలటరీ రిజిస్టరు ఆఖరి పేరును వంశనామంగా తీసుకుంటుంది. దానితో రావులంతా ఒకచోట, నాయుళ్ళంతా ఒకచోట, మూర్తులంతా ఒకచోట చేరతారు. అసలు గుర్తు ఇవ్వగలిగిన ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. అయితే ఈ ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. అప్పలనాయుడు, సింహాచలం, పైడిరాజు లాంటి పేర్లు సింహాద్రి అప్పన్న, పైడితల్లమ్మ పేర్లతో ముడిపడ్డవి, సన్యాసిరావు కూడా ఇక్కడ ఎక్కువగా వినబడే పేరే. అఖిల భారత జాబితాలో ఇవి కనిపిస్తే మనిషి ఎక్కడివాడో ఊహించవచ్చు. స్పెల్లింగ్ మాత్రం ఒకటే అనుకోకూడదు. పైడిరాజులో మొదటి అక్షరాన్ని ఒక గుమాస్తా పి-ఏ-ఐ అని, ఇంకొకడు పి-వై అని, మరొకడు పి-ఐ అని రాసి ఉంటాడు. సన్యాసికి అయిదారు రూపాలు ఉంటాయి. వెదికేవాళ్ళు ముందుగా అన్ని రూపాలనూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోటి వాడి కొట్టేస్తూ పోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ సర్వీసు నంబరు తెలియనప్పుడు దీనికి ప్రత్యామ్నాయం లేదు.

నంబరు దొరికే చోటు ఒకటి ఇంట్లోనే ఉండవచ్చు. రెండో ప్రపంచ యుద్ధపు పతకాలు బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చారు, భారతీయ దళాలకు ఇచ్చిన వాటి మీద మాత్రం నంబరు, పేరు ముద్రించారు. ట్రంకు పెట్టెలో దొరికిన పతకాన్ని తోమి మెరిపించే ముందు భూతద్దంతో అంచులు, వెనకవైపు చూడాలి. గట్టిగా తోమితే ఆ అక్షరాలే అరిగిపోతాయి. పతకం పేరు కూడా సాక్ష్యమే. బర్మా స్టార్ ఉంటే 1941 డిసెంబరు తర్వాత బర్మా రంగంలో ఉన్నట్టు. 1971 యుద్ధానికైతే పశ్చిమీ స్టార్ పశ్చిమాన చేసినవాళ్ళకు, పూర్వీ స్టార్ తూర్పున చేసినవాళ్ళకు ఇచ్చారు. కాబట్టి ‘ఢాకా మీద బాంబులేశాడు’ అని చెప్పుకునే మనిషి దగ్గర పశ్చిమీ స్టార్ మాత్రమే ఉంటే, ఆ కథను ఇంకోసారి నెమ్మదిగా విచారించాలి.

ఇక్కడే అన్నింటికన్నా సున్నితమైన విషయం వస్తుంది. ‘మా తాత పైలట్’ అన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. వైమానిక దళంలో చేరినవాడిని ఊళ్ళో అందరూ ‘విమానాల్లో ఉన్నాడు’ అంటారు, రెండు తరాలు గడిచేసరికి అది ‘విమానం నడిపాడు’ అవుతుంది. ఫొటోయే దీనికి తీర్పు చెబుతుంది. ఎడమ జేబు పైన రెండు రెక్కలూ ఉన్న బ్యాడ్జి ఉంటే పైలట్. ఒకే రెక్క, పక్కన గుండ్రంలో అక్షరం ఉంటే నావిగేటరో, గన్నరో, సిగ్నలరో. రెక్కలేవీ లేక చేతి మీద ప్రొపెల్లర్ గుర్తు ఉంటే లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, అంటే నేలమీద విమానాన్ని సిద్ధం చేసే మనిషి. 1965, 1971 నాటి ఫైటర్ పైలట్లంతా ఆఫీసర్లు. భుజం మీదో చేతి అంచునో ఉండే పట్టీలను లెక్కపెట్టినా తెలుస్తుంది, ఫ్లయింగ్ ఆఫీసరుకు ఒకటి, ఫ్లయిట్ లెఫ్టినెంటుకు రెండు, రెండింటి మధ్య సన్నటి మూడోది ఉంటే స్క్వాడ్రన్ లీడర్.

పైలట్ కాదని తేలినప్పుడు చాలామంది అక్కడితో ఆపేస్తారు, కొందరు ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా దాచేస్తారు. ఇది ఆ మనిషికి అన్యాయం చేయడమే. 1944లో ఇంఫాల్ నుంచి ఒకటో నంబరు స్క్వాడ్రన్ హరికేన్ యుద్ధ విమానాలు రోజూ ఎగిరాయంటే, వానలో బురదలో ఇంజిన్లు విప్పి బిగించిన ఫిట్టర్లు, రాత్రంతా మందుగుండు పట్టీలు ఎక్కించిన ఆర్మరర్లు ఉండబట్టే ఎగిరాయి. ఆ స్క్వాడ్రన్‌కు నాయకుడు అర్జన్ సింగ్. ఆయనకు మౌంట్‌బాటెన్ అక్కడికే వచ్చి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం తగిలించాడని అందరూ చెప్పుకుంటారు. ఆ స్క్వాడ్రన్‌లో రెంచి పట్టుకున్న మనిషి పేరు చెప్పుకునేది అతని ఇంటివాళ్ళు మాత్రమే. వాళ్ళు కూడా అతన్ని పైలట్‌గా మార్చేసి చెబితే, అతను నిజంగా చేసిన పని ఎవరి నోటా మిగలదు.

పైలటే అని తేలితే మొదట వెదకవలసింది లాగ్‌బుక్కు. అది ఎగిరిన ప్రతిసారీ పైలట్ లెక్క రాసుకునే పొడుగాటి దళసరి అట్ట పుస్తకం. ఎడమ పేజీలో తేదీ, విమానం రకం, దాని నంబరు, పైలట్ పేరు, తోడు వెళ్ళినవాడు, చేసిన పని. కుడి పేజీలో గంటలు, పగటివి వేరు, రాత్రివి వేరు. నెలాఖరున మొత్తం కూడి, పైలట్ సంతకం పెడితే ఫ్లయిట్ కమాండరు, స్క్వాడ్రన్ కమాండరు చూసి సంతకాలు చేస్తారు. ‘చేసిన పని’ అన్న గడిలోనే మనిషి బతుకంతా ఉంటుంది, కానీ అది పొడి అక్షరాల్లో ఉంటుంది. స్క్రాంబుల్ అంటే శత్రు విమానాలు వస్తున్నాయన్న కబురుతో ఉన్నపళంగా లేవడం. క్యాప్ అంటే గాల్లో కాపలా. టాక్-ఆర్ అంటే సైన్యం ముందు ఏముందో తక్కువ ఎత్తులో వెళ్ళి చూసి రావడం. డి-ఎన్-సి-ఓ అని ఉంటే వెళ్ళిన పని పూర్తికాక వెనక్కి వచ్చారని, వాతావరణమో ఇంజినో కారణం. ఈ చివరిదాన్ని చూసి కుటుంబాలు కొన్నిసార్లు చిన్నబుచ్చుకుంటాయి. అలా అనుకోవలసిన పనే లేదు. కొండల మీద మబ్బు కమ్మినప్పుడు వెనక్కి తిప్పడానికి తీసుకునే నిర్ణయం, ముందుకు వెళ్ళడానికి తీసుకునే నిర్ణయం కన్నా తేలికైనది కాదు.

ఒక నెల పేజీని పక్కన పెట్టుకుని అదే నెల ఉత్తరాలను చదివితే ఇంకో మనిషి కనబడతాడు. రోజుకు రెండుసార్లు ఎగిరిన వారంలో అమ్మకు రాసిన ఉత్తరంలో ‘ఇక్కడ అంతా బాగానే ఉంది, మాగాయ పంపించు’ అని ఉండవచ్చు. ఆ రెండింటినీ తేదీల వారీగా ఒకే నోటు పుస్తకంలో ఎదురెదురుగా ఎక్కించుకోవడం ఈ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన పని. దానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు. పైలట్ చనిపోతే ఆఖరి పేజీలో లెక్క ముగించి సంతకం పెట్టేది సాధారణంగా ఆ స్క్వాడ్రన్‌లోని వేరొకరు. ఆ చేతిరాత మారిన చోటును ఫొటో తీసి పెట్టుకోవాలి, సంతకం పెట్టిన పేరు ద్వారా ఆ స్క్వాడ్రన్‌లో బతికున్న మిత్రులను పట్టుకోవచ్చు.

ఈ కాగితాలకు మన తీరంలో పెద్ద శత్రువులు చెదలు, ఉప్పుగాలి, తుపాన్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు ఇళ్ళ పైకప్పులు కూడా పోయాయి. పెట్టెలో ఉన్నది పెట్టెలోనే తడిసింది. కాబట్టి దొరికిన రోజే ప్రతి పేజీనీ, ఖాళీ పేజీలతో సహా, ఫోనుతోనైనా ఫొటో తీసి ముగ్గురు బంధువుల దగ్గర వేర్వేరు ఊళ్ళలో ఉంచాలి. లామినేషన్ చేయించకూడదు. వేడికి కాగితం పాడవుతుంది, తర్వాత విడదీయడం కుదరదు.

స్క్వాడ్రన్ పేర్ల దగ్గర తెలుగువాళ్ళు తేలిగ్గా మోసపోయే చోటు ఒకటుంది. పాత కాగితాల్లో ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’, ‘మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్’ అని కనిపిస్తే మనవాళ్ళ దళమనే అనిపిస్తుంది. అవి రాయల్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్లు. ఇక్కడి నుంచి వెళ్ళిన విరాళాలకు గుర్తుగా ఆ పేర్లు వచ్చాయి. హైదరాబాద్ పేరున్న 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, కానీ నడిపినవాళ్ళు ఎక్కువమంది బ్రిటిష్ వాళ్ళే. మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది, మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలో ఏర్పడింది. రెండో యుద్ధం ముగిసే నాటికి దానికి పది లోపు స్క్వాడ్రన్లే ఉన్నాయి. కాబట్టి 1940ల నాటి పైలట్ జాడ వెదికేటప్పుడు చూడవలసిన దళాలు తక్కువే. 1940లో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి స్క్వాడ్రన్లలో ఎగిరిన 24 మంది భారతీయ పైలట్ల బృందం వేరే లెక్క. అలాంటివాళ్ళ ఆచూకీకి లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 శ్రేణిలో ఉన్న స్క్వాడ్రన్ రికార్డు పుస్తకాలు చూడాలి. రోజువారీగా ఎవరు ఏ విమానంలో ఎన్ని గంటలకు లేచారో, ఎన్నింటికి దిగారో వాటిలో ఉంటుంది.

సొంత దళం రికార్డులో లేనిది ఎదుటి దళం రికార్డులో దొరకవచ్చు. ఈ మాటకు భారత పైలట్ అజ్జమాడ దేవయ్య కథ కన్నా బలమైన రుజువు లేదు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీద దాడికి వెళ్ళిన మిస్టీర్ విమానాల్లో ఆయనది స్టాండ్‌బై. ముందున్నవాళ్ళలో ఒకరు తగ్గడంతో వరుసలో కలిశాడు, తిరిగి రాలేదు. మనవాళ్ళెవరూ ఆయన్ని ఆఖరి క్షణాల్లో చూడలేదు, గల్లంతైనట్టు నమోదైంది. ఏళ్ళ తర్వాత పాకిస్తాన్ వైపు కథనం ఆధారంగా ఒక బ్రిటిష్ రచయిత రాసిన పుస్తకం వచ్చాక, తనకన్నా ఎంతో వేగవంతమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానాన్ని ఒక మిస్టీర్ ఎదుర్కొని కూల్చిందని బయటపడింది. ఆ మిస్టీర్ దేవయ్యదే. 1988లో, 23 ఏళ్ళ తర్వాత, ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. అదే రోజు అదే సర్గోధా మీద పాకిస్తాన్ పైలట్ ఒకరు నిమిషం లోపు అయిదు భారత విమానాలను కూల్చినట్టు అక్కడ చెప్పుకుంటారు, దాని మీద వివాదం ఇప్పటికీ తెగలేదు. ఒకే రోజు, ఒకే చోట గురించి ఒకరి పరాక్రమం ఏళ్ళ తరబడి మరుగున పడిపోయింది, మరొకరి లెక్క ప్రశ్నలతో మిగిలింది. ఇంట్లో చెప్పుకునే ‘మూడు విమానాలు కూల్చాడు’ లాంటి అంకెను ఈ వెలుగులో చూడాలి. గాలిలో పోరాటం సెకన్లలో జరుగుతుంది, ఇద్దరు ఒకే విమానాన్ని తామే కొట్టామనుకోవడం అన్ని దేశాల దళాల్లోనూ జరిగింది. రెండు వైపుల కాగితాలూ కలిసిన చోటే అంకె నిలబడుతుంది.

గల్లంతైన మనిషి ఇంటి బాధ వేరు. దేహం రాదు, దహనం ఉండదు. పెద్దలు దర్భలతో ఆకృతి చేసి కర్మ చేయిద్దామంటారు, తల్లో భార్యో ఒప్పుకోదు. బొట్టు తీయని భార్యను ఊరు ఒక కంట, బంధువులు ఒక కంట చూస్తారు. చట్టం ఏడేళ్ళు కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావిస్తుంది, పింఛను కాగితాలు అంతకన్నా ముందే వస్తాయి. సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనన్న భయంతో ఆ కాగితాలను నెలల తరబడి ముట్టుకోని ఇళ్ళుంటాయి. 1965, 1971 యుద్ధాల్లో గల్లంతై, పాకిస్తాన్ జైళ్ళలో ఉండి ఉంటారని కుటుంబాలు నమ్మిన భారతీయ సైనికులు 54 మంది. వాళ్ళలో వైమానిక దళం వాళ్ళు చాలామంది ఉన్నారు. 2007లో కొందరు బంధువులు పాకిస్తాన్ వెళ్ళి జైళ్ళు చూసి వచ్చారు, ఎవరి జాడా తేలలేదు. ఆశ పెట్టుకోవడానికి వాళ్ళకు కారణం లేకపోలేదు. 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం నుంచి ముగ్గురు భారత పైలట్లు గోడ తొలిచి బయటపడి, అఫ్గాన్ సరిహద్దు దగ్గర దాకా వెళ్ళగలిగారు. బందీలు బతికుంటారు, తిరిగొస్తారు అన్నది కళ్ళముందు జరిగిన సంగతే.

ఉత్తరాంధ్రకు ఈ బాధ ఈ మధ్యే మళ్ళీ తెలిసింది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతంలో మాయమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో, 3,400 మీటర్ల లోతున శకలాలు గుర్తించారు. అది యుద్ధమూ కాదు, యుద్ధ విమానమూ కాదు. అయినా పాత పైలట్ల కుటుంబాలకు అది ముఖ్యమైన కబురు. ఒకప్పుడు వెదకడానికి వీల్లేదని మూసేసిన ఫైలు ఎప్పటికీ మూసినట్టే కాదని అది చూపింది.

ఇక పేర్లు చెక్కిన చోట్లు. చాలామంది ఢిల్లీ వెళ్ళి ఇండియా గేటు మీద 1940ల నాటి తాత పేరు వెదుకుతారు. అక్కడ ఉన్నవి మొదటి ప్రపంచ యుద్ధం, మూడో అఫ్గాన్ యుద్ధం నాటి పేర్లు. పక్కనే 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రం గోడల మీద ఉన్నవి స్వాతంత్ర్యం తర్వాతి అమరుల పేర్లు, గ్రానైటు ఇటుకల మీద చెక్కినవి, పాతిక వేలకు పైగా. మధ్యలో ఉన్న రెండో ప్రపంచ యుద్ధం వాళ్ళు ఈ రెంటిలోనూ దొరకరు. వాళ్ళ పేర్లు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉంటాయి. దక్షిణ, తూర్పు ఆసియా గగనంలో పోయి, సమాధి తెలియని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉన్నాయి. బర్మాలో పోయినవాడి పేరు సింగపూర్‌లో ఉంటుందని ఎవరికి తడుతుంది? ఆ కమిషన్ జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా వెదకవచ్చు, పైన చెప్పిన పాత ఊరి పేర్లు, స్పెల్లింగ్ రూపాలు అక్కడ బాగా అక్కరకొస్తాయి. ఈ తీరానికి రంగంతో, అంటే రంగూన్‌తో, ఉన్న బంధం తెలిసినవాళ్ళకు ఇందులో ఇంకో పొర కనిపిస్తుంది. 1941 డిసెంబరు 23న, 25న అక్కడ జపాను బాంబులు పడ్డాక కాలినడకన తిరిగొచ్చిన కుటుంబాలు, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డప్పుడు పల్లెలకు పరుగెత్తిన కుటుంబాలు ఈ జిల్లాల్లో ఉన్నాయి. ఆకాశం చూస్తేనే భయపడ్డ ఆ ఇళ్ళనుంచి ఒక కుర్రాడు విమానం ఎక్కుతానంటే తల్లి ఏమని ఉంటుందో, అది కూడా అడిగి రాసుకోవలసిన విషయమే.

స్వాతంత్ర్యం తర్వాతి వాళ్ళ విషయంలో ఆఫీసుల దారి కొంత స్పష్టం. మొదట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మాజీ సైనికుల కుటుంబాలకు ఏ కాగితం ఎక్కడ అడగాలో చెప్పేది వాళ్ళే. ఎయిర్‌మన్ అయితే ఢిల్లీ సుబ్రోతో పార్కులోని వైమానిక దళ రికార్డ్ ఆఫీసు, ఆఫీసరు అయితే వైమానిక దళ ప్రధాన కార్యాలయం. ఆఫీసర్ల నియామకాలు, పతకాలు భారత గెజిట్‌లో అచ్చయ్యేవి కాబట్టి తేదీలు అక్కడ సరిచూసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. 20 ఏళ్ళు దాటిన సంఘటనల విషయంలో ఆ చట్టం 8(3) సెక్షన్ చాలా మినహాయింపులను తొలగిస్తుంది, దేశభద్రత లాంటివి మాత్రం ఉంటాయి. దరఖాస్తులో ‘మా తాతగారి వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. నంబరు, పేరు, తేదీ రాసి, ఫలానా రోజు ప్రమాద విచారణ నివేదిక ప్రతి కావాలని ఒక్కటే అడిగితే జవాబు చెప్పక తప్పదు. యుద్ధ చరిత్రల సంకలనం, రికార్డుల బహిర్గతం మీద రక్షణ శాఖ 2021 జూన్‌లో తెచ్చిన విధానం సాధారణంగా 25 ఏళ్ళు దాటిన పత్రాలను తెరవాలంటోంది. దరఖాస్తులో దాన్ని ప్రస్తావించడం మంచిది.

ఇంత వెదికాక కొన్ని కుటుంబాలకు ఎదురయ్యే నిజం, మనిషి శత్రువుతో పోరాడుతూ పోలేదని. శిక్షణలో, రాత్రి ల్యాండింగులో, ఇంజిను ఆగిపోయి, మబ్బుల్లో కొండను తాకి పోయినవాళ్ళు వైమానిక దళాల్లో ఎప్పుడూ ఉన్నారు. ఇంట్లో మాత్రం ‘యుద్ధంలో’ అనే చెప్పుకుని ఉంటారు, ఊళ్ళో శిలాఫలకం మీద కూడా అలాగే రాయించి ఉంటారు. కామన్వెల్త్ కమిషన్ 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా విధుల్లో ఉండి చనిపోయిన సభ్యులందరినీ ఒకే వరుసలో చేర్చింది. పోరులో పోయాడా, ప్రమాదంలోనా, జబ్బు చేసా అన్న తేడా లేదు, హోదా తేడా లేదు. ఊళ్ళో ఫలకం మార్చేటప్పుడు ఇదే పద్ధతి పాటిస్తే సరిపోతుంది. విమానం పేరు, స్క్వాడ్రన్ నంబరు, తేదీ, చోటు, తల్లిదండ్రుల పేర్లు, తెలుగులో.

ఆ కమిషన్ జాబితాలో తప్పుగా పడ్డ వివరాలను సరిచేయమని ఆధారాలతో రాయవచ్చు. తండ్రి పేరు ఖాళీగా ఉన్నా, ఊరు ఉండవలసిన చోట ‘వైజాగపటామ్, ఇండియా’ అని మాత్రమే ఉన్నా, పాత ఉత్తరం కవరు, పింఛను కాగితం, బడి రిజిస్టరు నకలు జతచేసి పంపితే పరిశీలిస్తారు. చీపురుపల్లి, నరసన్నపేట, సోంపేట లాంటి పేర్లు ఆ జాబితాలో సరైన రూపంలో చేరవలసింది ఇలాగే. పంపేముందు ఇంటి పెద్దావిడకు ఆ వివరాలు ఒకసారి చదివి వినిపించాలి. తండ్రి పేరులో ఏ అక్షరం తప్పిందో పట్టుకోగలిగేది ఇప్పటికి ఆవిడ ఒక్కతే.